ఓస్టెండ్‌లో చిత్రమైన బీరు కెఫేకి తొలిసారి వెళ్తున్నవారికి: ఎప్పుడు వెళ్లాలి, ఏం అడగాలి, ఎక్కడ ఆపాలి

నమస్కారమండీ. మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ఉద్యోగరీత్యా బ్రస్సెల్స్‌లో ఉంటున్న మీరు, మీ శ్రీమతి, ఒక స్నేహితుడు కలిసి వచ్చే శనివారం బెల్జియంలోని ఓస్టెండ్ సముద్రతీరానికి వెళ్తున్నారు. పోయినసారి అక్కడ గోడల నిండా కార్నివాల్ ముసుగులు, పాత అకార్డియన్లు, వెలిసిపోయిన పోస్టర్లు వేలాడుతున్న ఒక బీరు కెఫే కిటికీలోంచి కనిపించింది గాని, లోపల అందరూ ఒకరికొకరు ఏళ్లుగా తెలిసినవాళ్లలా ఉండడంతో అడుగు పెట్టడానికి జంకారు. మీకు హైదరాబాదులో తాగిన లాగర్, అంటే మామూలు బంగారు రంగు బీరు, తప్ప మరో బీరు రుచి తెలియదు, మీ శ్రీమతి మద్యం ముట్టరు, స్నేహితుడు శాకాహారి. ఇలాంటి చోటికి మీ ముగ్గురూ వెళ్లవచ్చా, వెళ్తే ఏం అడగాలి అన్నది మీ సందేహం.

నిస్సందేహంగా వెళ్లండి. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో వెళ్లండి. పేరున్న బీరు కోసం వెతకకుండా, మీకు ఎలాంటి రుచి నచ్చుతుందో చెప్పి కౌంటరు దగ్గరున్న మనిషినే ఎంచిపెట్టమనండి. తేలికైన దానితో మొదలుపెట్టి, గంటకు ఒక గ్లాసుకు మించకుండా, మూడింటితో ఆపండి. మద్యం తాగనివారు కూర్చోవడం అక్కడ ఎవరికీ వింతగా తోచదు. శాకాహారం విషయంలో మాత్రం కొన్ని జాగ్రత్తలు అవసరం, అవి కింద చెబుతాను.

నేను చదువుకునే రోజుల్లో ఓస్టెండ్‌లోనే ఇలాంటి ఒక కెఫేలో సాయంత్రాలు కౌంటరు వెనక పనిచేశాను. ఇప్పుడు గెంట్‌లో ఉంటున్నా, మన ఊళ్ల నుంచి వచ్చే బంధుమిత్రులను తీసుకుని తరచుగా ఆ తీరానికి వెళ్తుంటాను. అందువల్ల ఆ కౌంటరుకు రెండువైపులా నిలబడిన అనుభవంతో చెబుతున్నాను.

ముందుగా ఆ జంకు గురించి మాట్లాడుకుందాం. మీరు చూసిన అలంకరణ పర్యాటకులను ఆకర్షించడానికి ఎవరో డిజైనరు తెచ్చి పెట్టినది అయివుండదు. ఆ ఊరికి అటువంటి అలవాటు ఏనాటి నుంచో ఉంది. చిత్రకారుడు జేమ్స్ ఎన్సోర్ 1860లో అక్కడే పుట్టి, 1949లో అక్కడే కన్నుమూశాడు. ఆయన కుటుంబం గవ్వలు, శంఖాలు, కార్నివాల్ ముసుగులు అమ్మే దుకాణం నడిపేది, ఆ ముసుగులే తర్వాత ఆయన బొమ్మల్లోకి ఎక్కాయి. వ్లాండరన్‌స్ట్రాట్‌లో ఆయన నివసించిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. కెఫేకి వెళ్లే ముందు అది చూసి వెళ్తే ఆ గోడల మీది ముసుగులు మీకు పరాయిగా అనిపించవు. 1898 నుంచి ఆ ఊళ్లో ‘చచ్చిన ఎలుక’ పేరిట ఒక ముసుగుల నాట్యోత్సవం జరుగుతోంది, పారిస్‌లోని మోమార్త్ర్ ప్రాంతంలో ఆ పేరుతో ఉండే కెఫేకి వెళ్లివచ్చిన ఓస్టెండ్ మిత్రబృందం దాన్ని మొదలుపెట్టింది. 1936 వేసవిలో నాజీల వల్ల నిలువనీడ కోల్పోయిన స్టెఫాన్ జ్వైగ్, జోసెఫ్ రోత్ వంటి రచయితలు ఇక్కడి కెఫే బల్లల దగ్గరే కూర్చుని రాసుకున్నారు. అమెరికన్ గాయకుడు మార్విన్ గే 1981లో అప్పులు, వ్యసనాల నుంచి తప్పించుకుని వచ్చి ఈ ఊళ్లోనే కొంతకాలం తలదాచుకున్నాడు. నిన్నమొన్నటి వరకు, అంటే 2022లో మరణించే దాకా, ఈ ఊరి బిడ్డ అయిన గాయకుడు ఆర్నో బెల్జియన్ల మనసులో ఓస్టెండ్‌కు మారుపేరుగా ఉన్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, దారి తప్పినవాళ్లనీ, కొత్తవాళ్లనీ, వింతగా కనిపించేవాళ్లనీ కూర్చోబెట్టుకోవడం ఆ కెఫేలకు కొత్త కాదు. లోపలున్నవాళ్లు తలెత్తి మీవైపు చూస్తారు. అది అభ్యంతరంతో చూసే చూపు కాదు, పలకరింపు కోసం ఎదురుచూసే చూపు. తలుపు తీయగానే అందరికీ వినబడేలా అక్కడి డచ్ భాషలో ‘దాహ్’ అనో, ఇంగ్లీషులో ‘హలో’ అనో అనండి. పలకరించకుండా నేరుగా వెళ్లి కూర్చుని ఫోను తీసేవారి పట్లే అక్కడివాళ్లు ముభావంగా ఉంటారు. కౌంటరు మూలన రోజూ వచ్చేవారి బల్ల ఒకటి ఉంటుంది, దాన్ని వదిలేసి మరెక్కడైనా కూర్చోవచ్చు. గోడ మీది వస్తువేదైనా ఆసక్తిగా అనిపిస్తే దాని గురించి అడగండి. నేను పనిచేసిన చోట యజమాని, పైకప్పుకు వేలాడదీసిన ప్రతి చేపలబుట్టా ఏ పడవదో చెప్పగలిగేవాడు, అడిగినవారికి చెప్పకుండా విడిచేవాడు కాదు. మనుషుల ఫోటోలు మాత్రం అనుమతి లేకుండా తీయకండి. ఇంకొక మాట: బల్లల కింద కుక్కలు ఉంటాయి. అక్కడ అది మామూలు. మీలో ఎవరికైనా కుక్కలంటే భయం ఉంటే ముందే చెబితే దూరంగా చోటు చూపిస్తారు.

మధ్యాహ్నమే ఎందుకు అంటే, శనివారం రాత్రి తొమ్మిది దాటాక కౌంటరు వెనకున్న మనిషికి మీతో మాట్లాడే తీరిక ఉండదు. ఇలాంటి కెఫేలో అసలు విలువ ఆ సంభాషణలోనే ఉంది. వందా రెండు వందల రకాల సీసాలున్న జాబితాను కొత్తవారు చదివి ఎంచుకోవడం అయ్యే పని కాదు. లూయిసాస్ట్రాట్‌లోని బోటెల్ట్యే వంటి కెఫేలో ఆ జాబితా పుస్తకమంత మందంగా ఉంటుంది. మధ్యాహ్నం అయితే ఆ మనిషి మీ బల్ల దగ్గర నిలబడి నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. యజమానులే స్వయంగా నడుపుకునే చిన్న కెఫేలకు వారంలో ఒకటి రెండు రోజులు సెలవు ఉంటుంది కాబట్టి బయల్దేరే ముందు అది మాత్రం చూసుకోండి.

ఏం అడగాలి అన్నదానికి నా సలహా: బీరు పేరు చెప్పకండి, రుచి చెప్పండి. తీపి ఇష్టమా, పులుపా, చేదా, లవంగాల వంటి మసాలా ఘాటు ఉండాలా, తేలికగా ఉండాలా, ఈ నాలుగు మాటలు చాలు. లాగర్‌కు అలవాటుపడిన మీకు నేనైతే మొదటి గ్లాసుగా గోధుమ బీరు ఇస్తాను. హూహార్డెన్ అందరికీ తెలిసినది, ఆల్కహాలు 4.9 శాతం, అందులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు కాబట్టి మన నాలుకకు తొలి గుక్కలోనే ఏదో తెలిసిన వాసన తగులుతుంది. ఆ రకం బీరు దాదాపు అంతరించిపోయిన దశలో పియర్ సెలిస్ అనే పాలవ్యాపారి 1966లో హూహార్డెన్ అనే ఊళ్లోనే మళ్లీ కాచడం మొదలుపెట్టాడు.

రెండో గ్లాసుకు ఆ జిల్లా సరుకే అడగండి. ఓస్టెండ్ ఉన్నది పశ్చిమ ఫ్లాండర్స్‌లో, బీరు విషయంలో అది చాలా సంపన్నమైన ప్రాంతం. రూసెలారేలో కాచే రోడెన్‌బాక్ ఎర్రటి పుల్లని బీరు. దానిలో కొంత భాగాన్ని నిలువెత్తు ఓక్ పీపాల్లో ఏడాదికి పైగా ఊరబెట్టి, కొత్త బీరుతో కలుపుతారు. మామూలు రకం 5.2 శాతమే. డిక్స్‌మూడ పక్కన ఎసెన్ అనే పల్లెలో ‘పిచ్చి బీరుగాళ్లు’ అని తమకు తామే పేరు పెట్టుకున్న ద డొల్ల బ్రౌవర్స్ ఉన్నారు. 1980లో మూతపడబోతున్న పాత బీరు బట్టీని అన్నదమ్ములు కొని నిలబెట్టారు. వారిలో క్రిస్ హెర్టెలేర్ చిత్రకారుడు కూడా, సీసాల మీది బొమ్మలు ఆయన గీసినవే. వారి ఊర్‌బీర్ 9 శాతం ఉంటుంది. మీరు వెతుకుతున్న ఆ స్వేచ్ఛా స్వభావం, ఆ విచిత్రం గోడల మీదే కాదు, గ్లాసులో కూడా కావాలంటే నేను చూపించే సీసా అదే. కాని అది మొదటి గ్లాసుగా తాగవలసినది కాదు.

బలం విషయంలో రంగును నమ్మకండి. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నల్లగా ఉంటే ఘాటైనది, బంగారు రంగులో ఉంటే తేలికైనది అనుకుంటారు. పైన చెప్పిన ఎర్రటి రోడెన్‌బాక్ 5.2 శాతం అయితే, చూడడానికి అచ్చంగా మన లాగర్‌లా మెరిసే డ్యూవెల్ 8.5 శాతం, ట్రిపెల్ అనే బలమైన రకానికి చెందిన వెస్ట్‌మల్లె ట్రిపెల్ 9.5 శాతం. మన దగ్గర 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం బీరు తాగితే శరీరంలోకి వెళ్లే ఆల్కహాలు సుమారు 32 మిల్లీలీటర్లు. 33 సెంటీలీటర్ల ఒక్క చిన్న ట్రిపెల్ సీసాలో సుమారు 31 ఉంటుంది. అంటే చేతిలో ఇమిడిపోయే ఆ గోబ్లెట్టు మన పెద్ద సీసాకు సమానం. రోష్‌ఫోర్ 10 అయితే 11.3 శాతం, దాన్ని కూడా దాటిపోతుంది. విజయవాడ నుంచి వచ్చిన ఒక మిత్రుడు నా మాట పక్కనపెట్టి ఆ రోష్‌ఫోర్‌తోనే మొదలుపెట్టాడు. అది చాలా గొప్ప బీరు, ఎండుద్రాక్ష, మాడిన పంచదార రుచులతో నాలుక మీద నిలిచిపోతుంది. ఆ నిలిచిపోవడం వల్లే ఆ తర్వాత తెప్పించిన రెండు సున్నితమైన బీర్లు అతనికి నీళ్లలా తోచాయి, సాయంత్రం ఆరింటికే నిద్ర ముంచుకొచ్చింది. బలమైనది చివరన ఒకటి, అదీ కడుపులో ఏదైనా పడ్డాక, అన్నది నేను ఎవరికైనా చెప్పే క్రమం.

వాళ్లు బీరు పోసే తీరు తప్పక గమనించండి. సీసాను ఫ్రిజ్‌లోంచో సెల్లారులోంచో నిటారుగా, కుదపకుండా తెస్తారు, ఎందుకంటే ఈ బీర్లలో చాలావాటిని సీసాలోనే మరోసారి పులియబెడతారు, అడుగున ఈస్టు పేరుకుని ఉంటుంది. ఆ బీరు పేరే అచ్చువేసిన గ్లాసును చల్లటి నీళ్లతో తడిపి, వాల్చి పట్టుకుని, అంచు వెంబడి సన్నని ధారగా పోస్తారు. సగం దాటాక గ్లాసును మెల్లగా నిలబెట్టి ధారను కాస్త పైనుంచి వదలడంతో రెండు వేళ్ల మందాన నురగ లేస్తుంది. సీసా అడుగున ఒక వేలు మందం మిగిలాక చేయి ఆగుతుంది. గ్లాసును అట్టముక్క మీద పెట్టి, దాని పేరు మీవైపు తిరిగి ఉండేలా సర్ది, మిగిలిన సీసాను పక్కన ఉంచుతారు. ఆ అడుగుబొట్టు మీ ఇష్టం. పోసుకుంటే బీరు మబ్బుపట్టి కాస్త చేదెక్కుతుంది, కొందరు విడిగా చిన్న గ్లాసులో తాగుతారు. నురగ తగ్గించి నిండుగా పోయమని అడగకండి. ఆ నురగలోనే వాసన నిలుస్తుంది. గ్లాసు మీద గీత ఉంటుంది, మీకు రావలసిన కొలత ఆ గీత దగ్గరికి వస్తుంది. ఫలానా బీరుకు ఫలానా గ్లాసు అన్న పట్టింపు కూడా ఊరికే పెట్టుకున్నది కాదు. డ్యూవెల్ గ్లాసు అడుగున చెక్కిన అక్షరం వల్ల బుడగలు ఆగకుండా పైకి లేస్తుంటాయి, నురగ అణగదు. గ్లాసు ముచ్చటగా ఉందని సంచిలో వేసుకెళ్లేవాళ్లు అన్ని దేశాల నుంచీ వస్తారు, దానివల్ల ఆ చిన్న కెఫేలకు నిజమైన నష్టం జరుగుతోంది. కావాలంటే అడగండి, చాలాచోట్ల డబ్బుకు అమ్ముతారు.

పుల్లని బీర్ల గురించి ఒక మాట. జాబితాలో గూజ్ అనో లాంబిక్ అనో కనబడితే అది బ్రస్సెల్స్ చుట్టుపక్కల, సెన్ లోయలో తయారయ్యేది. దానిలో ఈస్టు కలపరు. మరిగించిన ద్రావణాన్ని రాత్రంతా వెడల్పాటి రాగి తొట్టెల్లో గాలికి వదిలేస్తే, గాలిలోనూ పీపాల్లోనూ ఉండే సహజమైన ఈస్టు, బాక్టీరియా దాన్ని పులియబెడతాయి. చెట్టు మీది కుండలో తాటికల్లు ఎవరూ ఏమీ కలపకుండానే పొంగినట్టే ఇదీ పొంగుతుంది, కాకపోతే కల్లు పూటలో పులిస్తే ఇది ఏళ్ల తరబడి పీపాల్లో పులుస్తుంది. ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లను కలిపి సీసాలో పోస్తే గూజ్ అవుతుంది. కల్లు రుచి ఎరిగిన గోదావరి జిల్లాల పెద్దవాళ్లు దీన్ని మొదటి గుక్కలోనే మెచ్చుకోవడం నేను చూశాను, లాగర్‌తో పెరిగిన కుర్రవాళ్లు చెడిపోయిందని పక్కన పెట్టడమూ చూశాను. పులుపు మీకు ప్రాణం అయితేనే అడగండి. ఓర్వాల్ అనే బీరు లాంబిక్ కాదు గాని, కొత్తవారికి అదీ ఇలాంటి పరీక్షే: 6.2 శాతం, పొడిగా, చేదుగా, కొంచెం తోలు వాసనతో ఉంటుంది, సీసా వయసును బట్టి రుచి మారుతుంది. నాకు ఎంతో ఇష్టమైన బీరు, కాని మొదటిసారి వచ్చినవారికి నేనుగా ఎప్పుడూ సూచించను.

ఒక మఠంలో సన్యాసులు కాచే వెస్ట్‌వ్లెటరెన్ 12 పేరు విని, అది దొరుకుతుందా అని కూడా రాశారు. దొరికితే ధర చాలా ఎక్కువ చెబుతారు, ఎందుకంటే ఆ మఠంలోని సన్యాసులు తమకు అవసరమైనంత మేరకే కాస్తారు, వ్యాపారుల చేతికి సరుకు వెళ్లకుండా చూసుకుంటారు. దాని బదులు వాటూ గ్రామపు సింట్ బెర్నార్డస్ ఆబ్ట్ 12 అడగండి. 1946 నుంచి 1992 వరకు ఆ మఠం బీరును లైసెన్సు మీద బయట కాచిన బట్టీ అదే, రుచిలో దగ్గరి చుట్టరికం ఉంది, మామూలు ధరకే వస్తుంది. 10 శాతం కాబట్టి మీ మూడో గ్లాసు, ఆఖరి గ్లాసు అదే అయితే బాగుంటుంది.

మీ శ్రీమతి గురించి. బెల్జియం కెఫే అంటే తాగుడు దుకాణం కాదు, ఊరి అరుగు వంటిది. మధ్యాహ్నం పూట అమ్మమ్మలు కాఫీ తాగుతూ, పిల్లలు హాట్ చాక్లెట్ తాగుతూ, ముసలివాళ్లు పేకాట ఆడుతూ కనిపిస్తారు. 2011 నుంచి లోపల పొగ తాగడం నిషేధం కాబట్టి ఆ ఇబ్బందీ లేదు. మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు మొదట తలుపు దగ్గరే ఆగిపోయారు. లోపల తన వయసు ఆవిడ ఒకరు ఊలు అల్లుకుంటూ కూర్చుని ఉండడం చూసి లోపలికి వచ్చారు, మేము లేద్దామన్నా ఆవిడ లేవలేదు. బీరు రుచి మాత్రం తెలియాలి, మద్యం వద్దు అనుకునేవారికి బ్రూజ్‌లో తయారయ్యే స్పోర్ట్ జాట్ ఉంది, అయితే దానిలోనూ 0.4 శాతం ఉంటుంది. బొత్తిగా వద్దంటే తాజా పుదీనా టీ, ఆపిల్ రసం హాయిగా దొరుకుతాయి. మంచినీళ్లు ఉచితంగా తెచ్చిపెట్టే ఆచారం అక్కడ లేదు, సీసా నీళ్లు కొనుక్కోవాలి. అవి ప్రతి గ్లాసుతోపాటు తెప్పించుకోండి.

మీ స్నేహితుడి గురించి. జున్ను ముక్కలు, ఆవాల ముద్ద, సెలరీ ఉప్పు కలిపి ఇచ్చే పళ్లెం ప్రతిచోటా ఉంటుంది, బీరుకు అంతకన్నా మంచి తోడు లేదు. అయితే కొన్ని జున్నుల తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, ఆ పట్టింపు ఉన్నవారు అడిగి తెలుసుకోవాలి. వేడివేడి క్రోకెట్లు, అంటే రొట్టెపొడిలో పొర్లించి వేయించిన ముద్దలు, తెప్పిస్తే మరింత జాగ్రత్త. ఓస్టెండ్ బూడిదరంగు చిన్న రొయ్యలకు పేరుపడిన ఊరు, రొయ్యల క్రోకెట్టూ జున్ను క్రోకెట్టూ పైకి ఒకేలా ఉంటాయి, రెండూ ఒకే పళ్లెంలో కలిపి ఇవ్వడం కూడా మామూలే. ‘కాస్ (జున్ను) మాత్రమే, గార్నాల్ (రొయ్యలు) వద్దు’ అని గట్టిగా చెప్పండి. ఫ్రైస్ చాలాచోట్ల ఎద్దు కొవ్వులో వేయిస్తారు, ఏ నూనె అని అడిగాకే తెప్పించండి. ఇంటి నుంచి చేగోడీలు, మిక్చరు తీసుకెళ్లి బల్ల మీద విప్పడం మాత్రం వద్దు. వాళ్లకు అది అమర్యాద.

డబ్బు విషయం: ప్రత్యేక బీర్లు చాలావరకు 4 నుంచి 6 యూరోల మధ్య ఉంటాయి. ఏదో ఒక ఎలక్ట్రానిక్ చెల్లింపు అందుబాటులో ఉంచాలని 2022 జులై నుంచి చట్టం ఉంది గాని, అది బాంకాంటాక్ట్ అనే స్థానిక కార్డు పద్ధతి మాత్రమే కావచ్చు, మన బ్యాంకుల క్రెడిట్ కార్డు పనిచేయకపోవచ్చు. కొంత నగదు దగ్గర ఉంచుకోండి, టాయిలెట్టుకు చిల్లర కూడా. లెక్క చివరన ఒకేసారి కట్టవచ్చు. టిప్పు తప్పనిసరి కాదు, పై చిల్లర వదిలేస్తే చాలు. మీరూ మీ స్నేహితుడూ ఒకే బీరును పంచుకుని రుచి చూడాలనుకుంటే 75 సెంటీలీటర్ల పెద్ద సీసా ఒకటి తెప్పించి గ్లాసులు అడగండి. ఒక చిన్న గ్లాసును ఇద్దరు మార్చి మార్చి తాగడం కన్నా అది బాగుంటుంది.

ఇక ప్రయాణం. కారు తీసుకెళ్లకండి. రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాలు అక్కడి పరిమితి, పైన చెప్పిన లెక్క ప్రకారం ఒక్క ట్రిపెల్‌తోనే ప్రమాదపు అంచుకు చేరతారు. బ్రస్సెల్స్ నుంచి నేరుగా వచ్చే రైలు గంటా పావుకు కాస్త అటూ ఇటూగా దింపుతుంది. స్టేషను బయటికి వస్తే ఎదురుగా పీటర్–పాల్ చర్చి గోపురాలు, పక్కనే చేపల రేవు, అక్కడి నుంచి ఊరంతా కాలినడకన తిరగవచ్చు. కెఫేలో సీటు దొరకకపోతే నిరాశపడకుండా, స్టేషను దగ్గరే ఎక్కే తీరపు ట్రాములో ఏదైనా పక్క ఊరికి వెళ్లండి. ద పాన్ నుంచి నాక్ వరకు 67 కిలోమీటర్ల పొడవున ఆ ట్రాము ప్రతి ఊళ్లోనూ ఆగుతుంది, ఇలాంటి కెఫేలు ఇంకా చాలా ఉన్నాయి. తిరుగు రైలు చివరిది ఎన్నింటికో ఉదయమే చూసి రాసి పెట్టుకోండి, దానికి ముందరి రైలుకే బయల్దేరండి. మీ స్నేహితుడికి గుడ్డు పట్టింపు కూడా ఉంటే ఇక్కడే రాయండి, క్రోకెట్ల విషయంలో చెప్పవలసింది మరికొంత ఉంది.